కోంతు గారి వంశావళి

మా ఇంటి ఓనరు తారాదేవి గారు ఫ్రాన్సులో ఒక కోటకు వారసురాలినని చెప్పుకుంటారట. వాళ్ల నాయనమ్మను యానాంలో ఒక ఫ్రెంచి దొర ఉంచుకున్నాడట. ఆ రక్తం పేరు చెప్పి ఆస్తిలో వాటా రాబట్టడానికి ఈవిడ లాయరు చుట్టూ తిరుగుతున్నారట. గది అద్దెకు తీసుకున్న ప్రతి తెలుగు కుర్రాణ్ణీ మీ ఆఫీసులో ఫ్రెంచివాళ్లెవరైనా ఉన్నారా అని అడిగేది అందుకేనట.

ఈ సంగతి నాకు చెప్పింది సుభద్ర గారు. సింగపూర్ పెరుమాళ్ కోవెల బయట చెప్పుల స్టాండు పక్కన, చేతిలో ప్రసాదం ప్లేటు చల్లారిపోతున్నా ఆపకుండా చెప్పారు. ఆవిడ భర్తా మా బావా ఒకే కంపెనీలో ప్రోగ్రామర్లు. వాళ్లు సెంగ్‌కాంగ్‌లో కొత్త ఫ్లాట్ తీసుకున్నారు. మేం యీషున్‌లో తారాదేవి గారి మూడు గదుల పాత ఫ్లాట్‌లో ఒక గదికి అద్దె కడుతున్నాం.

"నీకెందుకు చెబుతున్నానంటే, రోజంతా ఆవిడతో నువ్వు ఒక్కదానివే ఉంటావు. మీ ఆయన పాస్‌పోర్టూ అవీ ఎక్కడ పెడతావ్?"

"సూట్‌కేసులో అండీ."

"తాళం వేస్తావుగా?"

తల ఊపాను. ఆ సూట్‌కేసు తాళంచెవి విమానంలోనే ఎక్కడో పోయింది. ఆ మాట చెప్పడానికి సిగ్గేసింది.

అది రెండువేల ఒకటో సంవత్సరం. కంప్యూటర్ చదువు చదివినవాళ్లందరూ విమానాలెక్కి వచ్చేసిన రోజులు. అప్పుడప్పుడే కంపెనీలు ఒక్కొక్కటీ మూతపడటం కూడా మొదలైంది. మా ఆయన గంగాధర్ నాకు మేనబావ, పెళ్లయ్యాక కూడా బావ అనే పిలుస్తాను. నేను పదో తరగతితో ఆగిపోయాను. నానమ్మ మంచాన పడితే చూసుకోవడానికి ఇంట్లో మనిషి కావాల్సి వచ్చింది. ఆవిడ పోయాక మళ్లీ బడి మాట ఎవరూ ఎత్తలేదు. సింగపూర్‌లో నాకు వచ్చిన ఇంగ్లీషు లిఫ్టులో అంకెలు నొక్కడానికి సరిపోయేది. అందుకని మాట్లాడటం తక్కువ, చూడటం ఎక్కువ అయింది.

కోవెల నుంచి వచ్చిన రోజు నుంచి నేను తారాదేవి గారిని చూడటం మొదలుపెట్టాను.

అరవై దాటిన మనిషి. సన్నగా, నిటారుగా ఉంటారు. భర్త యుద్ధనౌకల రేవులో ఫిట్టరుగా చేసేవారు. ఆయన్ని పెళ్లి చేసుకుని యానాం నుంచి ఓడెక్కి వచ్చారు. పిల్లలు లేరు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. బిల్డింగు కింద ఖాళీ జాగాలో, వాయిడ్ డెక్‌లో, కూర్చునే చైనా ముసలమ్మలతో మలయా భాషలో మాట్లాడేవారు, కూరగాయల వాడితో తమిళంలో. మాతో గోదావరి తెలుగులోనే, మధ్యలో "మకాన్ అయిందా?" అంటూ. భోజనం అయిందా అని. బావను తంబీ అనేవారు, నన్ను అమ్మాయ్ అనేవారు. పచ్చిమిరపకాయలు పులుసులో వేసేముందు చాకుతో నిలువునా గీరి గింజలు తీసేసేవారు. చెడు చూడాలని కూర్చున్నాను గనుక అదీ ఒక అనుమానంలాగే కనిపించింది. మిరపకాయకు గింజలు తీసే తెలుగువాళ్లను నేను అంతవరకు చూడలేదు.

గట్టి అనుమానానికీ కారణాలు దొరికాయి. ప్రతి మంగళవారం తొమ్మిదింటికి ఆవిడ జరీ అంచు చీర కట్టుకుని, చంకలో గుడ్డ సంచీతో రైలెక్కేవారు. ఎక్కడికి ఆంటీ అంటే "టౌనుకి" అనేవారు. అంతే. ఇక శనివారం పొద్దున స్నానం చేసి, గది తలుపు దగ్గరకు వేసుకుని ఏదో చదివేవారు. మా గదికీ ఆవిడ గదికీ మధ్య గోడ పలచన. చెవి ఆనించి విన్నాను. స్తోత్రం కాదు. గొంతు బొంగురుగా, ఆగి ఆగి వచ్చేది.

"శ్రీమత్ ఫరాసు దేశాధీశ్వర దత్త కోంతు బిరుదాంకితులు, బ్రెస్వాల్ గ్రామాధిపతులు, ఎతియేన్ దొర వారు. వారి కుమారులు, పగటి దివిటీల ప్రసిద్ధులు, గియోం దొర వారు. వారి కుమారులు..."

అలా దొరల పేర్లు వరసగా వచ్చి, రొజే దొర అనే పేరు దగ్గర టక్కున ఆగిపోయేవి. తర్వాత చాలాసేపు చప్పుడు ఉండేది కాదు. ఆ పైన స్టవ్ వెలిగించిన శబ్దం.

తన పూర్వీకుల పేర్లు కాకపోతే ఇంత శ్రద్ధగా ఎవరు చదువుతారు? సుభద్ర గారి మాట నిజమే అనిపించింది. ఆ రాత్రే బావ పాత బెల్టుతో సూట్‌కేసును బిగించి కట్టాను.

ఆ నెలలోనే బావకు కొత్త ప్రాజెక్టు వచ్చింది, ఒక బ్యాంకుది. భోజనాల దగ్గర మామూలుగా చెబుతున్నాడు.

"కొత్త మేనేజరు ఫ్రెంచివాడు. పేరు పలకడానికి నోరు తిరగదు. ఫిలిప్ ద బ్రెస్వాల్ అట."

వడ్డిస్తున్న తారాదేవి గారి చెయ్యి ఆగింది. గరిటెలో పులుసు కంచంలో పడకుండా బల్ల మీద పడింది. ఆవిడ చూసుకోలేదు.

"ఇంకోసారి చెప్పు తంబీ."

బావ చెప్పాడు. ఆవిడ గుడ్డతో బల్ల తుడిచారు. తుడిచిన చోటే మళ్లీ తుడిచారు.

"ఆయన్ని నేనోసారి చూడాలి. పావుగంట చాలు. ఈ నెల దాటకూడదు."

"ఎందుకు ఆంటీ?"

"పనుంది."

గదిలోకి వచ్చాక బావ గొంతు తగ్గించాడు. "సుభద్ర వాళ్లాయన నాకూ చెప్పాడు. ఈవిడ వెళ్లి, నేను మీ ముత్తాతకి ఫలానా అందనుకో, ఆయన నన్నేమనుకుంటాడు? ఇక్కడ ఉండి పని చెయ్యడానికి ఇచ్చిన నా పాస్ ఆ ప్రాజెక్టు మీద ఉంది. పక్క టీమ్‌లో సగం మందిని పంపించేశారు."

"మరి ఈ నెలే అని ఎందుకన్నారు బావా?"

"కోర్టు గడువేమో. నాకేం తెలుసు? మనం ఇల్లు మారిపోదాం."

మంగళవారం వచ్చింది. ఆవిడ సంచీ సర్దుకుంటుంటే, నాకే తెలియకుండా నోట్లోంచి మాట వచ్చేసింది. "నేనూ వస్తాను ఆంటీ. ఇంట్లో తోచడం లేదు."

ఆవిడ సంచీ చంకలో పెట్టుకున్నారు. "లాయరు ఆఫీసు చూద్దామనా?"

నాకు చెవులు వేడెక్కాయి.

"కోవెల్లో ఏమనుకుంటారో నాకు తెలియదనుకున్నావా అమ్మాయ్? గది ఖాళీ చేసి వెళ్లిన కుర్రాళ్లు నా మొహం మీదే అడిగారు. రా, చెప్పులేసుకో."

రైలు దిగి నడిచి వెళ్లింది పెద్దాసుపత్రికి. చెవి, ముక్కు, గొంతు చూసే విభాగం. సంచీలో ఉన్నవి ఎక్స్‌రేలు, మంచినీళ్ల సీసా, ఏసీ చలికి ఒక స్వెటర్. మమ్మల్ని చూసిన నర్సు తమిళమ్మాయి. ఆవిడ కూతుర్ని నేనే అనుకుని నాకు వచ్చీరాని తెలుగులో నెమ్మదిగా చెప్పింది. స్వరపేటికలో గడ్డ ఉంది. వచ్చే వారం గురువారం ఆపరేషన్. ప్రాణానికి భయం లేదు గానీ, మాట మళ్లీ వస్తుందని మాత్రం డాక్టరు చెప్పలేనన్నారు.

బయట బస్సు స్టాపులో కూర్చున్నాం. ఇప్పుడైనా అడగకపోతే ఎప్పటికీ అడగలేనని అడిగాను.

"మీరు ఆ దొరలకి ఏమవుతారు ఆంటీ?"

"ఏమీ కాను."

"మరి శనివారం చదివేది?"

"విన్నావా? గోడ పలచనని మా ఆయన కూడా అనేవారు." ఆవిడ నీళ్లు తాగి, గొంతు సవరించుకుని చెప్పారు.

తారాదేవి గారిది భట్రాజుల ఇల్లు. జమీందార్ల కొలువుల్లో నిలబడి వాళ్ల వంశావళి చదవడం వాళ్ల వృత్తి. ఇక ఆ బిరుదు కథ ఇది. ఎతియేన్ అనే సామాన్యుడు, యుద్ధంలో ఫ్రాన్సు రాజు గుర్రం కూలిపోతే తన గుర్రం ఇచ్చి తాను నడిచి వచ్చాడట. అందుకు రాజు ఆయన్ని బ్రెస్వాల్‌కు కోంతును, అంటే మన జమీందారు లాంటి వాణ్ణి, చేశాడు. కొడుకు గియోం అడవిని జూదంలో పోగొట్టాడు. మనవడు ఆర్మాన్‌కు పిల్లల్లేక, బిరుదు తమ్ముడి కొడుకు నికొలాకు వచ్చింది. అప్పటికి బిరుదు మిగిలింది గానీ ఇంటికి కప్పు సరిగా లేదు. నికొలా దొర నీలం గుడ్డల వ్యాపారం చేసుకుందామని యానాం వచ్చాడు. చుట్టుపక్కల జమీందార్లు దర్బారుకు పిలిస్తే వెళ్లేవాడు. అక్కడ ప్రతి జమీందారుకూ ముందు ఒక భట్రాజు నిలబడి తాతముత్తాతల పేర్లు చదువుతున్నాడు. ఈయన వెనక ఖాళీ. ఆ నామోషీ పడలేక వీళ్ల ఇంటి పెద్దను పిలిపించి, తన వాళ్ల పేర్లు చెప్పి, శనివారం శనివారం చదవమన్నాడు.

"పగటి దివిటీలు కూడా ఆ గియోం దొరకి ఉన్నాయా?" అన్నాను.

"ఏవీ లేవు. జమీందారుకి పట్టపగలు దివిటీలు పట్టే మర్యాద ఉంటే కోంతుకి లేకపోతే బాగుండదని మా వాళ్లే పెట్టారు." ఆవిడ నవ్వబోతే దగ్గు వచ్చింది.

"రొజే దొర దగ్గర ఆపేస్తారెందుకు?"

"ఆశీర్వచనం ఉండాలి అక్కడ. ఇప్పుడు బిరుదులో ఉన్నాయన పేరు చెప్పి, చిరంజీవి అని దీవిస్తేనే చదువు పూర్తయినట్టు. నికొలా దొర కొడుకు జెర్వే ఫ్రాన్సు తిరిగి వెళ్లాడు. అక్కడ తిరుగుబాటులో తల తీసేశారు. ఆ కబురు యానాం చేరడానికి ఏడాది పైన పట్టింది. ఆ ఏడాదీ ప్రతి శనివారం మా వాళ్లు తల లేని మనిషిని చిరంజీవి, చిరంజీవి అని దీవించారు."

ఆవిడ అది నిన్న మొన్న జరిగినట్టు చెప్పారు.

"అప్పట్నించీ మా ఇంట్లో కట్టడి. ఆ మనిషి బతికున్నాడని, ఆయన్ని ఎరిగిన వాళ్ల నోట వినకుండా దీవెన పలకకూడదు. పోయిన బిరుదు ఆ ఇంటికి మళ్లీ వచ్చింది, ఫ్రాన్సు నుంచి వచ్చేవాళ్ల నోట కొత్త పేర్లూ అందుతూ ఉండేవి. పెద్ద యుద్ధం మొదలయ్యాక ఆగిపోయాయి. మా తాత రొజే దొర దగ్గర ఆపేశాడు. మా నాన్న జన్మంతా అక్కడే ఆపాడు. అన్నలు మాకొద్దన్నారు. వంటింట్లోంచి విని నేర్చుకున్నది నేనొక్కదాన్నే. నేనూ అక్కడే ఆపుతున్నాను. గురువారం తర్వాత చదవడానికి గొంతుండదు."

బస్సు వచ్చింది. ఎక్కాం. నాకు నమ్మాలనీ ఉంది, నమ్మకూడదనీ ఉంది. ఆసుపత్రి నిజం. గడ్డ నిజం. తక్కిందంతా ఆవిడ నోటి మాట. కోట కావాలనుకున్న మనిషి కూడా ఇలాగే చెప్పొచ్చు, ఇంతకన్నా బాగా చెప్పొచ్చు.

బావకు చెప్పాను. ఆసుపత్రి విషయం విని మెత్తబడ్డాడు గానీ ఒప్పుకోలేదు. "పాపం అనుకోవడం వేరు, మేనేజరు ముందు నిలబెట్టడం వేరు," అన్నాడు.

ఆ శనివారం కంపెనీ వాళ్ల ఫ్యామిలీ డే. ఈస్ట్ కోస్ట్ పార్కులో, సముద్రం పక్కన. ఇంట్లో పెద్దవాళ్లుంటే తీసుకురావచ్చని కాగితంలో ఉందని బావే అంతకు ముందు చెప్పాడు. బావ సామాన్లు మోయడానికి పొద్దున్నే వెళ్లిపోయాడు. నేను తర్వాత రైల్లో రావాలి. తారాదేవి గారు తలుపు వేసుకుని చదువుతున్నారు. రొజే దొర దగ్గర ఆగారు. నేను తలుపు కొట్టాను.

"ఆంటీ, చీర మార్చుకోండి. మీరు ఆస్తి మాట ఎత్తితే మాత్రం నేను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చేస్తాను."

"సరే," అన్నారు ఆవిడ. కోపం తెచ్చుకోలేదు.

మమ్మల్ని చూసి బావ మొహం పాలిపోయింది. చేతిలో బొగ్గుల సంచీ ఉంది గనుక అక్కణ్ణించి కదల్లేకపోయాడు. సుభద్ర గారు మంచి నీడ ఉన్న బల్ల మీద టిష్యూ ప్యాకెట్లు పరిచి చోప్ చేసుకుని, తమ వాళ్లకు జాగా పట్టి ఉంచారు. నన్ను పక్కకు లాగారు.

"ఈవిడ్నెందుకు తెచ్చావ్? నీకు బుద్ధుందా?"

"పెద్దవాళ్లని తీసుకురావచ్చన్నారు కదండీ."

"పెద్దవాళ్లంటే అత్తగారు. ఇంటి ఓనరు కాదు."

ఫిలిప్ గారు పొడుగ్గా, ఎండకు ఎర్రగా కమిలిన మొహంతో, ప్లేటులో నూడుల్స్ పెట్టుకుని నిలబడి ఉన్నారు. తారాదేవి గారు నేరుగా ఆయన ముందుకు వెళ్లి ఫ్రెంచిలో ఏదో అన్నారు. యానాం బడిలో నేర్చుకున్న నాలుగు ముక్కల ఫ్రెంచి. ఆయన ఫోర్కు ప్లేటులో పెట్టేశారు. ముందు నవ్వారు, తర్వాత నవ్వు ఆగిపోయింది. నా వంకా, బావ వంకా చూశారు. ఎవరు పంపించారు ఈవిడ్ని అన్నట్టుంది ఆ చూపు.

ఆవిడ రెండడుగులు వెనక్కి వేసి, కుడిచెయ్యి పైకెత్తి మొదలుపెట్టారు.

ఆ బొంగురు గొంతు అంత దూరం వెళ్తుందనుకోలేదు. చుట్టూ ఉన్నవాళ్లు తిరిగి చూశారు. సుభద్ర గారి కూతురు శ్రీజ, "మమ్మీ, దట్ ఆంటీ సింగింగ్ లా," అంది. "నువ్విటు రా," అని ఆవిడ పిల్లను దగ్గరకు లాక్కున్నారు. నేను ఒక్కొక్క మాటా పట్టి పట్టి విన్నాను. నాకు, వాటా, రక్తం, ఇల్లు, అలాంటి మాట ఏదైనా మధ్యలో దూరుస్తారేమోనని. ఎతియేన్, గియోం, ఆర్మాన్, నికొలా, జెర్వే. ఎక్కడా ఆవిడ పేరు రాలేదు. వాళ్ల ఇంటి పేరు కూడా రాలేదు.

రొజే దొర దగ్గర ఆగి, తర్వాతి పేరేమిటని ఆయన్ని ఫ్రెంచిలో అడిగారు. ఆయన బావ వైపు తిరిగారు. బావను ఇంగ్లీషులో అడిగారు, "ఈవిడకి మా పేర్లు ఎవరిచ్చారు? ఇంటర్నెట్‌లో చూశారా?"

బావ బొగ్గుల సంచీ కింద పెట్టాడు. తర్వాత నెమ్మదిగా, తడుముకుంటూ, ఇదీ సంగతి సర్ అని తనకు తెలిసింది చెప్పాడు. అంతవరకు నమ్మని మనిషి, చెప్పేటప్పుడు ఏ అనుమానమూ కలపలేదు. ఫిలిప్ గారు ప్లేటు బల్ల మీద పెట్టారు.

"రొజే తర్వాత అంద్రే," అన్నారు. "మా తాత."

ఆవిడ అది అందుకుని వరసలో కలిపి పలికారు.

"జాక్. మా నాన్న. పోయారు."

అదీ కలిపారు. తర్వాత అరచెయ్యి ఆయన వైపు చాచారు, మీరే కదా అన్నట్టు.

ఆయన తల అడ్డంగా ఊపారు. బిరుదు తనది కాదట. అన్నయ్య బెర్నార్‌దట. ఆయన ఊళ్లో ఆవుల్ని పెంచి పాలు అమ్ముతాడట. కోట తాతల కాలంలోనే అమ్ముడుపోయిందట. బావ ఇదంతా తెలుగులో చెబుతుంటే సుభద్ర గారు బల్ల దగ్గర్నుంచి మెడ చాచి వింటున్నారు.

తారాదేవి గారికి కోట మాట వినపడినట్టే లేదు. "ఆయన్ని చూసి ఎన్నాళ్లయింది, అడుగు తంబీ. బతికున్నాడా, గట్టిగా అడుగు."

బావ అడిగాడు. నిన్న సాయంత్రమే ఫోన్లో మాట్లాడానన్నారు ఫిలిప్ గారు. ఒక ఆవు ఈనిందని చెప్పాడట.

ఆవిడ కళ్లు మూసుకున్నారు. "వారి కుమారులు బెర్నార్ దొర వారు," అని ఆగి, ఊపిరి తీసుకుని, "చిరంజీవులై, పాడిపంటలతో, పుత్రపౌత్రులతో వర్ధిల్లుదురు గాక," అని చెయ్యి దించారు. చివరి మాటకు గొంతు సగం చీలింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఫిలిప్ గారు బావ దగ్గరకు వంగి, ఈవిడకు ఏం కావాలి అని అడిగారు. బావ నా వంక చూశాడు.

"ఏమీ వద్దట," అన్నాను. ఆవిడను అడగకుండానే అన్నాను.

ఆయన ఇంకా కాసేపు ఎదురు చూశారు, ఏదో ఒక కాగితం బయటికి వస్తుందని అనుకున్నారేమో. ఏదీ రాలేదు. తారాదేవి గారు సుభద్ర గారి బల్ల మీద ఒక టిష్యూ ప్యాకెట్టు జరిపి, కూర్చుని, నూడుల్స్ అడిగారు.

గురువారం ఆపరేషన్ బాగానే జరిగింది. మాట తిరిగి రాలేదు. ఇప్పుడు ఆవిడ నాతో చేతులతో మాట్లాడతారు, చైనా ముసలమ్మలతోనూ అంతే. మేం ఇల్లు మారలేదు. కోవెల్లో మాత్రం కొత్త మాట పుట్టింది. ఆ రోజు పార్కులో రాజీ కుదిరిందట, నోరు మూసుకుని ఉండటానికి ఆవిడకు ఏదో ముట్టిందట, అందుకే ఆవిడ ఎవరితోనూ మాట్లాడటం లేదట.

పార్కు నుంచి తిరిగి వచ్చేటప్పుడు రైల్లో నేనే ఆవిడను అడిగాను, ఇన్ని తరాలు చదివినందుకు ఆ కోంతులు మీ వాళ్లకు ఏమిచ్చారని. నికొలా దొర గోదావరి లంకలో కొంత భూమి ఇచ్చాడు. ఆవిడ ముత్తాత చిన్నతనంలోనే దాన్ని నది కోసేసింది. ఆ తర్వాత చదివిన వాళ్లెవరికీ ఎవరూ ఏమీ ఇవ్వలేదు.